కారులో రేడియో స్టేషను – కాలక్షేపమే కాదు, కష్టకాలంలో కబురు కూడా

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



మన సమావేశాలలో డి.ఆర్. బకాయిలు, మెడికల్ రీయింబర్సుమెంటు, క్వాంటం పెన్షను తప్ప మరో మాట వినిపించదని మన ఇళ్ళలో ఆడవాళ్ళు అంటుంటారు. అందులో అబద్ధం లేదు. ఈసారి ఆ మూడూ కాకుండా వేరే ఏదైనా మాట్లాడమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. నాకు తెలిసిన విద్యలు రెండే. ఒకటి ఫైలు పెట్టడం. అది మీ అందరికీ నాకన్నా బాగా తెలుసు. రెండవది అమెచ్యూర్ రేడియో, అంటే వాడుకలో హామ్ రేడియో. అందులోనూ ఆ రేడియో స్టేషనును కారులో అమర్చుకోవడం గురించి ఈ రోజు మనవి చేస్తాను. చివర్లో మన సంఘం ముందు ఒక ప్రతిపాదన కూడా పెడతాను. కనుక దయచేసి టీ వచ్చినా లేవవద్దు.

హామ్ రేడియో అంటే ఏమిటి?

మన చిన్నతనంలో ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసుకు వెళ్ళి లైసెన్సు రుసుము కట్టేవాళ్ళం. అది వినడానికి మాత్రమే పనికొచ్చే రేడియో. విజయవాడ కేంద్రం వారు చెబితే మనం వినాలి. మనం చెబితే వాళ్ళకు వినపడదు. హామ్ రేడియోలో వినడమూ ఉంది, చెప్పడమూ ఉంది. ప్రభుత్వం పరీక్ష పెట్టి, లైసెన్సు ఇచ్చి, ఒక్కొక్కరికి ఒక పిలుపు గుర్తు కేటాయిస్తుంది. మన దేశపు పిలుపు గుర్తులు ఎక్కువగా వి.యు. అనే అక్షరాలతో మొదలవుతాయి. ప్రపంచంలో ఒకరికి ఉన్న గుర్తు మరొకరికి ఉండదు. మన పి.పి.ఓ. నంబరు లాంటిదే అనుకోండి.

ఇది వ్యాపారానికి కాదు, రాజకీయ ప్రచారానికి కాదు, పాటలు వేయడానికి కాదు. నేర్చుకోవడానికి, స్నేహానికి, ఆపదలో సాయానికి. ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ గారు కూడా లైసెన్సు పొందిన హామ్. ఆయన పిలుపు గుర్తు వి.యు.2 ఆర్.జి. మన హైదరాబాదులో 1983లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థ ఏర్పడింది. వి.యు.2 ఎమ్.వై. అనే గుర్తు గల సూరి గారు దాని వ్యవస్థాపకులు. తెలుగునాట ఈ విద్య గురించి మాట్లాడేవారు ఆ సంస్థ పేరు చెప్పకుండా ముందుకు పోలేరు. 2005 మే 5న మన శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు హామ్‌ల కోసమే తయారైన హామ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహాన్ని కూడా పైకి తీసుకెళ్ళింది. అది 2014 దాకా పనిచేసింది.

మనకెందుకు ఇదంతా?

ఈ ప్రశ్న ఇప్పటికే కొందరి ముఖాల్లో కనిపిస్తోంది. సెల్ ఫోను జేబులో ఉండగా ఈ తంటా ఎందుకని. దానికి సమాధానం మన జిల్లాల చరిత్రలోనే ఉంది.

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. అప్పుడు నేను తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.ని. మండలాలు ఇంకా పుట్టలేదు. మమ్మల్ని సహాయ కార్యక్రమాలకు డ్యూటీ వేశారు. పదివేల మందికి పైగా ప్రాణాలు పోయిన ఆ ఉపద్రవంలో నాకు బాగా గుర్తున్నది నీళ్ళు, శవాలు మాత్రమే కాదు, మౌనం. టెలిఫోను స్తంభాలు పడిపోయాయి, తంతి తీగలు తెగిపోయాయి, రోడ్లు లేవు. సముద్రం ఎంత లోపలికి వచ్చిందో, ఏ ఊరు ఉందో ఏ ఊరు లేదో అవనిగడ్డ అవతల ఉన్నవారికి తెలియడానికే ఎంతో సమయం పట్టింది. మేము బియ్యం, బట్టలు, కిరసనాయిలు కావలసిన జాబితాలు కార్బను పేపరు పెట్టి రాసేవాళ్ళం. ఆ కాగితం జీపులోనో, సైకిలు మీదో, పడవలోనో వెళ్ళాలి. జవాబు మళ్ళీ అదే దారిన రావాలి. ఈలోపు జాబితాలో ఉన్న మనుషుల సంఖ్య మారిపోయేది.

తరువాత 1996 నవంబరు 6న కోనసీమను ముంచిన తుపాను. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని కుదిపిన హుద్‌హుద్. అప్పటికి చేతిచేతికీ సెల్ ఫోన్లు వచ్చేశాయి. అయినా కరెంటు పోయి, టవర్లు మూగపోయి, నగరం మొత్తం మళ్ళీ 1977లోకి వెళ్ళినట్టయింది. సెల్ టవరుకు బ్యాటరీ కొన్ని గంటలే ఉంటుంది. తరువాత జనరేటరుకు డీజిలు కావాలి, డీజిలు చేరడానికి రోడ్డు కావాలి. రోడ్డు మీద చెట్లు పడి ఉంటాయి. అంతే, గొలుసులో ఒక కొక్కెం తెగితే చాలు.

హామ్‌ల సేవకు అందరూ చెప్పుకునే ఉదాహరణ అండమాన్. 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ అనే మహిళా హామ్, వి.యు.2 ఆర్.బి.ఐ., హైదరాబాదు సంస్థ తరఫున ఒక బృందంతో పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి స్టేషను నడుపుతున్నారు. అది నిజానికి సరదా కార్యక్రమం. ప్రపంచంలోని హామ్‌లందరూ అండమాన్‌తో మాట్లాడాలని తహతహలాడుతుంటారు. డిసెంబరు 26న సునామీ వచ్చింది. సరదా స్టేషను ఒక్క ఉదయంలో సహాయ స్టేషను అయిపోయింది. దీవుల్లో ఉన్నవారి క్షేమ సమాచారాలు ఆ రేడియోల మీదుగా ప్రధాన భూభాగానికి చేరాయి. ఎవరు బతికి ఉన్నారు, ఎవరి ఆచూకీ తెలియలేదు అనే సమాచారం విలువ ఎంతో, ఎదురుచూసిన వారికే తెలుస్తుంది.

ఇక మన పక్కనే జరిగింది. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు ఒకటిన కుండపోత వానలు. బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని నీరు ముంచేసింది. మన సంఘంలోనే ఒక సభ్యుడి అన్న, వదిన అక్కడ మేడ మీద చిక్కుకుపోయారు. ఇద్దరికీ డెబ్బై అయిదు దాటాయి. ఆయనకు షుగరు, ఇన్సులిను వేసుకుంటారు. కరెంటు లేదు. మొదటి రోజు సాయంత్రానికి ఫోను ఛార్జింగు అయిపోయింది. అమెరికాలో ఉన్న కొడుకు రాత్రంతా నూజివీడులోని బంధువులందరికీ ఫోన్లు చేస్తున్నాడు. ఇక్కడి వాళ్ళు విజయవాడకు చేస్తున్నారు. ఎవరికీ ఏమీ తెలియదు. మూడో రోజు పడవలో వాళ్ళను బయటికి తెచ్చాక గానీ ఆ అబ్బాయి అన్నం ముట్టలేదట.

ఆ రెండు రాత్రులూ నా కారులో రేడియో సెట్టు ఉంది. పని చేస్తోంది. కానీ ఆ వీధిలో వినేవాడు లేడు, మాట్లాడేవాడు లేడు. రేడియో ఒక్కడి దగ్గర ఉంటే అది ఉత్త పెట్టె. ఇద్దరి దగ్గర ఉంటేనే కబురు. నేను ఈ రోజు ఇక్కడ నిలబడి మాట్లాడటానికి కారణం ఇదే.

కారులోనే ఎందుకు?

ఇంటి మీద ఎత్తయిన ఏరియల్ కట్టుకుని స్టేషను పెట్టుకోవచ్చు. చాలామంది అలాగే చేస్తారు. కాని గాలివానకు మొదట పడేది ఆ ఏరియలే. కరెంటు పోతే ఇంటి సెట్టుకు వేరే బ్యాటరీ చూసుకోవాలి. కారుకు ఆ బాధ లేదు. దాని బ్యాటరీ దానికే ఉంది, ఇంజను తిరిగితే దానంతటదే ఛార్జి అవుతుంది, అన్నిటికీ మించి అవసరమైన చోటికి అది కదిలి వెళ్ళగలదు.

కదలడం ఎందుకు ముఖ్యమో చిన్న లెక్క చెబుతాను. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్న రెండు మీటర్ల బ్యాండులో తరంగం దాదాపు చూపు మేరకు పోతుంది. ఏరియల్ ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఆ తరంగానికి దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. కారు పైకప్పు మీద రెండు మీటర్ల ఎత్తున ఏరియల్ ఉంటే సుమారు 6 కిలోమీటర్లు. అలాంటి కార్లు రెండైతే రెండింటి దిగంతాలూ కలిపి పదకొండు, పన్నెండు. అదే ఒక కారు వంద మీటర్ల ఎత్తు గుట్ట మీద ఉంటే దాని దిగంతం 41 కిలోమీటర్లు. కింద ఉన్న కారు ఆరు కలిపితే 47. ఇది కాగితం మీది లెక్క. మధ్యలో కొండ అడ్డొస్తే, ఇళ్ళు అడ్డొస్తే తగ్గుతుంది. అయినా సంగతి అర్థమైంది కదా. ఎత్తే బలం. ఖరీదైన సెట్టు కొనడం కన్నా కారును గుట్ట ఎక్కించడం చవక.

మన ప్రాంతానికి ఇంకో సంగతి ఉంది. మనది మామిడి సీమ. ఆగిరిపల్లి వైపు చూసినా, చాట్రాయి వైపు చూసినా తోటలే. తడిసిన ఆకులు తరంగాన్ని పీల్చుకుంటాయి. తరంగం పొట్టిదైనకొద్దీ ఈ నష్టం ఎక్కువ. అంచేత వాన కురిసిన తోట మధ్యలో కారు ఆపి, సెట్టు పని చెయ్యలేదనుకోవద్దు. కాస్త ముందుకు పోయి చెరువు గట్టు మీదో, తోట బయట ఎర్రమట్టి మిట్ట మీదో ఆపితే అదే సెట్టు, అదే మనిషి, గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. చిన్నరసాల చెట్టు నీడ కూర్చోవడానికి మంచిది, మాట్లాడటానికి కాదు.

ఇక హైదరాబాదు లాంటి దూరాలకు మాట చేరాలంటే 7 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని నలభై మీటర్ల బ్యాండు ఉంది. ఆ తరంగం పైకి వెళ్ళి, ఆకాశంలోని అయనోవరణం తిప్పి పంపితే తిరిగి భూమికి వస్తుంది. పగటిపూట మన రాష్ట్రాల దూరాలకు అనువైనది. ఏ లైసెన్సుకు ఏ బ్యాండు, ఎంత శక్తి అన్నది నిబంధనల్లో చూసుకుని మాత్రమే వాడాలి.

అమర్చుకునే విధానం

కావలసినవి నాలుగే. సెట్టు, కరెంటు తీగలు, ఏరియల్, వాటిని కలిపే కేబులు. ఒక్కొక్కటీ చెబుతాను.

మొదటిది సెట్టు. కారులో పెట్టేది డబ్బా అంత ఉంటుంది. డ్యాష్‌బోర్డు కింద గట్టిగా బిగించాలి. కొత్త కార్లలో ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. అవి విచ్చుకునే దారిలో సెట్టు గానీ మైకు గానీ ఉండకూడదు. ఉంటే ప్రమాదంలో ఆ పెట్టే ముఖానికి తగులుతుంది.

రెండవది కరెంటు. చాలామంది సిగరెట్టు లైటరు సాకెట్టులో గుచ్చేస్తే సరిపోతుందనుకుంటారు. చేతిలో పట్టుకునే చిన్న సెట్టు ఛార్జింగుకు అది సరే. యాభై వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు పది యాంపియర్ల పైమాటే లాగుతుంది. ఆ సాకెట్టుకు అది భారం. అందుకని బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి తీగలు లాక్కోవాలి. తీగ సన్నమైతే మధ్యలోనే వోల్టేజి తగ్గిపోతుంది. తీగలో పదో వంతు ఓమ్ నిరోధం ఉన్నా పది యాంపియర్లకు ఒక వోల్టు పోయినట్టే. పాజిటివ్ తీగకు ఫ్యూజు తప్పనిసరి. అదీ సెట్టు దగ్గర ఒక్కటే కాదు, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఒకటి ఉండాలి. ఎందుకంటే తీగ బానెట్టు రేకుకు రాసుకుని తొక్క లేస్తే, ఫ్యూజు లేని తీగ పొయ్యిలో కట్టెలా మండుతుంది. కొత్త కార్లలో బ్యాటరీ నెగటివ్ దగ్గర ఒక సెన్సరు ఉంటుంది. దాన్ని కదపకుండా, నెగటివ్ ఎక్కడ బిగించాలో తెలిసిన ఆటో ఎలక్ట్రీషియను చేత చేయించండి.

ఇంజను ఆపి ఎంతసేపు మాట్లాడవచ్చు? చిన్న కారు బ్యాటరీ 35 యాంపియర్ గంటలు అనుకుందాం. స్టార్టు కావాలి గనుక అందులో మూడో వంతుకు మించి ముట్టుకోవద్దు. అంటే పన్నెండు. గంటలో పది నిమిషాలు మాట్లాడి, యాభై నిమిషాలు వింటే, మాట్లాడేటప్పుడు పది యాంపియర్లు, వినేటప్పుడు అర యాంపియరు చొప్పున గంటకు రెండు యాంపియర్ గంటలు ఖర్చు. సుమారు ఆరు గంటలు వస్తుంది. శక్తిని పది వాట్లకు తగ్గించుకుంటే లాగేది నాలుగు యాంపియర్లకు అటూ ఇటూ ఉంటుంది గనుక పది గంటలు దాటుతుంది. పెన్షను డబ్బులు నెలాఖరు దాకా సర్దుకునే మనకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు.

మూడవది ఏరియల్. రెండు మీటర్ల బ్యాండుకు తరంగంలో నాలుగో వంతు పొడవు, అంటే సుమారు అర మీటరు కడ్డీ సరిపోతుంది. కారు పైకప్పు రేకే దానికి నేలగా పని చేస్తుంది. అందుకే పైకప్పు నడిమధ్య అన్నిటికన్నా మంచి చోటు. రేకుకు రంధ్రం పెట్టడానికి మనసొప్పని వారికి అయస్కాంతపు అడుగు ఉన్నవి దొరుకుతాయి. పైకప్పు అద్దమైతే అయస్కాంతం అంటుకోదు. నలభై మీటర్ల బ్యాండుకు నాలుగో వంతు అంటే పది మీటర్ల కడ్డీ. అంత కడ్డీ కారు మీద పెట్టుకుని పోతే ఊళ్ళో జనం రథయాత్ర అనుకుంటారు. అందుకని మధ్యలో తీగచుట్ట పెట్టి పొట్టి చేసిన ఏరియల్ వాడతారు. పొట్టి చేసినందుకు కొంత శక్తి నష్టపోక తప్పదు.

మన తోటల్లో తిరిగేవారికి ఒక హెచ్చరిక. కాపు మీద ఉన్న మామిడి కొమ్మ నేల దాకా వంగి ఉంటుంది. బిగదీసిన కడ్డీ అయితే విరుగుతుంది, లేదా రేకును చీలుస్తుంది. అడుగున స్ప్రింగు ఉన్న కడ్డీ తీసుకోండి. తోటల మీదుగా కరెంటు తీగలు వేలాడుతుంటాయి. వాటి దగ్గర పొడవాటి ఏరియల్ గానీ, వెదురు గడ గానీ ఎత్తకూడదు. ఉరుములు మొదలైతే మాటలు ఆపి, సెట్టు నుంచి ఏరియల్ కేబులు తీసేయండి.

నాలుగవది కేబులు. తలుపు రబ్బరు పక్కనుంచి నలగకుండా తేవాలి. లోపలికి వచ్చే ముందు కిందికి చిన్న వంపు ఇస్తే వాన నీళ్ళు అక్కడే కారిపోతాయి, కారులోకి రావు. అన్నీ బిగించాక స్టాండింగ్ వేవ్ మీటరు పెట్టి చూడాలి. మనం పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగి వస్తోందో అది చెబుతుంది. ఒకటిన్నరకు లోపు ఉంటే బాగు. మూడు చూపిస్తే మాట్లాడకండి, సెట్టు పాడవుతుంది. ముందు కేబులు కనెక్షను చూడండి.

ఇక రొద. ఇంజను తిరిగేటప్పుడు సెట్టులో టకటకమంటే పెట్రోలు కారు స్పార్కు ప్లగ్గుల చప్పుడు. యాక్సిలరేటరు తొక్కినకొద్దీ సన్నగా కూతపెడితే ఆల్టర్నేటరు. ఇంజను ఆపి చూస్తే దొంగ ఎవరో తెలిసిపోతుంది. తీగలు బ్యాటరీ నుంచి నేరుగా తేవడం, తీగల మీద ఫెరైట్ రింగులు వేయడం, బానెట్టును బాడీకి రాగి పట్టీతో కలపడం – వీటితో చాలావరకు తగ్గుతుంది.

ఆరోగ్యం, జాగ్రత్త

మన వయసు వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పవలసినది ఇది. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు తమ డాక్టరును అడగకుండా ఈ సెట్లు వాడవద్దు. ప్రసారం చేస్తున్నప్పుడు ఏరియల్‌ను ముట్టుకోకూడదు, పిల్లలను దాని పక్కన నిలబడనివ్వకూడదు. వినికిడి యంత్రం పెట్టుకున్నవారికి అందులో గుర్రుమనే శబ్దం రావచ్చు. కంగారు పడనక్కరలేదు.

అన్నిటికన్నా ముఖ్యం, కారు నడుపుతూ మైకు పట్టుకోవద్దు. చేతిలో ఫోను లాంటి పరికరం పట్టుకుని నడపడం మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ప్రమాదకరమైన డ్రైవింగే. చట్టం సంగతి అలా ఉంచండి, మామిడికాయల సీజనులో నూజివీడు రోడ్ల మీద లారీల రద్దీ మీకు తెలియనిదా? పక్కన కూర్చున్నవారు మాట్లాడాలి. లేదా కారు పక్కకు ఆపి మాట్లాడాలి.

లైసెన్సు

లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం. చవకగా దొరుకుతున్నాయని చేతి సెట్లు తెప్పించుకుని పెళ్ళిళ్ళలో, తోటల కాపలాలో వాడేవారిని చూస్తున్నాను. అది తప్పు. పోలీసు, విమానాల, ఇతర సర్వీసుల మాటలకు అడ్డు తగిలే ప్రమాదం ఉంది.

పన్నెండేళ్ళు నిండిన వారెవరైనా పరీక్ష రాయవచ్చు. పై వయసుకు ఆంక్ష నాకు అడ్డు రాలేదు. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు స్థాయిలు. రేడియో సూత్రాలు, నిబంధనలు రెండింటికీ ఉంటాయి. జనరల్ స్థాయికి మోర్స్ కోడు కూడా రావాలి. మన తంతి ఆఫీసులో వినిపించిన ఆ చుక్కా గీతా భాషే. దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలైలో ఆగిపోయింది గానీ ఆ భాష హామ్‌ల దగ్గర బతికే ఉంది. నేను 2009లో రిటైరయ్యాను. కొన్నేళ్ళకు మనవడికి పన్నెండు నిండగానే ఇద్దరం కలిసి చదివి, పక్కపక్కనే కూర్చుని పరీక్ష రాశాం. వాడికి నాకన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. నిబంధనల పేపరులో మాత్రం నాదే పైచేయి. రూల్సు బట్టీ పట్టి ముప్పై ఏళ్ళు బతికిన మనిషిని కదా!

దరఖాస్తు పద్ధతి, రుసుములు మారుతుంటాయి. అప్పటికి అమల్లో ఉన్నవి చూసుకోండి. ఇంటి చిరునామా మీద ఇచ్చిన లైసెన్సు కారుకు కూడా వర్తిస్తుందని అనుకోవద్దు. వాహనంలో వాడుకకు కావలసిన అనుమతి తీసుకుని, ఆ కాగితాల నకలు ఆర్.సి., ఇన్సూరెన్సుతో పాటు కారులోనే ఉంచుకోండి. చెక్‌పోస్టు దగ్గర కుర్ర కానిస్టేబులుకు హామ్ రేడియో అంటే తెలియకపోవచ్చు. కాగితం అంటే తెలుస్తుంది.

మాట్లాడే మర్యాద

రేడియోలో ఒకరు మాట్లాడేటప్పుడు అందరూ వినాలి. మన సర్వసభ్య సమావేశాలకు ఈ పద్ధతి వస్తే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది. ముందు వినాలి, ఖాళీగా ఉందా అని అడగాలి, తన గుర్తు చెప్పుకోవాలి, కారులో ఉన్నానని చెప్పాలి, మాట ముగించి అవతలివారికి అవకాశం ఇవ్వాలి.

ప్రతి సంభాషణను లాగ్ బుక్కులో రాయాలి. తేదీ, సమయం, బ్యాండు, ఎవరితో, ఎలా వినిపించింది. ఇది నాకు ఎంతో ఇష్టమైన పని. ఇన్‌వార్డు, ఔట్‌వార్డు రిజిస్టర్లు రాసిన చేతికి ఇది కొత్తేమీ కాదు. ఆపద వేళ కబురు పంపే పద్ధతి కూడా మన ఆఫీసు పద్ధతే. కబురుకు వరుస నంబరు, పంపిన సమయం, ఎవరి నుంచి, ఎవరికి, ఎన్ని మాటలు. అవతలివారు రాసుకుని తిరిగి చదివి వినిపించాలి. సరిపోతేనే ముగిసినట్టు. 'ఇన్సులిను రెండు రోజులకే ఉంది' అన్న మాట 'ఇన్సులిను రెండు రోజులకు ఉంది' అని వినపడితే ఏమవుతుందో ఆలోచించండి. ఒక్క అక్షరంతో కంగారు పోయి నిశ్చింత వచ్చేస్తుంది. పడవ ఆలస్యమవుతుంది. తిరిగి చదివించుకోవడం అందుకే.

నా ప్రతిపాదన

2022 ఏప్రిల్‌లో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. మన ఫైళ్ళు కూడా ఒక కలెక్టరేటు నుంచి మరో కలెక్టరేటుకు తిరిగాయి. రేడియో తరంగానికి జిల్లా సరిహద్దు తెలియదు. మనకు కూడా ఆపదలో అది అడ్డు కాకూడదు.

మన సభ్యుల్లో చాలామంది పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. ఇంట్లో ఇద్దరమే, కొన్ని ఇళ్ళలో ఒక్కరే. గాలివానకు చెట్లు పడి, తమ్మిలేరు పొంగి, ఫోన్లు ఆగిపోతే ఎవరు ఎలా ఉన్నారో తెలుసుకునే దారి మనం ముందే వేసుకోవాలి. అందుకు నాలుగు పనులు సూచిస్తున్నాను.

ఒకటి, సభ్యుల కుటుంబాల నుంచి ముందుగా అయిదారుగురు లైసెన్సు తీసుకోవాలి. మీరే అక్కరలేదు. మనవడు, మనవరాలు, కోడలు ఎవరైనా సరే. పాఠం చెప్పే బాధ్యత నాది. ఆదివారం సాయంత్రాలు మా ఇంటి అరుగు ఖాళీయే.

రెండు, విజయవాడ, ఏలూరు వైపు ఉన్న హామ్‌లతో పరిచయం పెంచుకోవాలి. అవతల వినేవాడు లేకపోతే ఏమవుతుందో 2024లో చూశాం.

మూడు, ఒంటరిగా ఉండే సభ్యుల జాబితా కాగితం మీద రాసి ఉంచాలి. ఇల్లు, వాడే మందులు, పిల్లల ఫోను నంబర్లు, మెట్లు దిగలేనివారా, ఆక్సిజను కావలసినవారా అన్నది. ఫోనులో ఉన్న జాబితా ఫోనుతో పాటే ఆరిపోతుంది. దీనిలో స్వవిషయాలు ఉంటాయి గనుక సభ్యుల అనుమతితోనే రాయాలి, కార్యదర్శి గారి బీరువాలోనే ఉండాలి.

నాలుగు, నెలకొక ఆదివారం కారు తీసుకుని ఒక మిట్ట మీదికి వెళ్ళి అభ్యాసం చేయాలి. ఎక్కడి నుంచి ఏ ఊరు వినిపిస్తుందో మ్యాపు మీద గుర్తు పెట్టుకోవాలి. వాన వచ్చాక వెతుక్కుంటే కుదరదు. మనం కలెక్టరు గారికి, తహసీల్దారు గారికి ఇప్పుడే అర్జీ పెట్టనక్కరలేదు. ముందు పని నేర్చుకుని, ఒక ఏడాది లాగ్ బుక్కు చూపించి అప్పుడు వెళదాం. సంఖ్యలతో వెళ్ళిన అర్జీకి విలువ ఎక్కువని మనకు తెలియనిది కాదు.

ఇదంతా పోలీసుకు, విపత్తు దళాలకు ప్రత్యామ్నాయం అని నేననడం లేదు. వాళ్ళ పడవ మన వీధికి రావాలంటే మన వీధిలో ఎవరున్నారో వాళ్ళకు తెలియాలి. ఆ కబురు చేర్చడం మన పని.

ఈ వయసులో ఎందుకండీ అని ఎవరైనా అడిగితే నేను చెప్పే మాట ఒక్కటే. ట్రెజరీకి మనం ఏడాదికి ఒకసారి లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తాం. రేడియోలో వారం వారం పేర్లు పిలుస్తారు. గొంతు వినిపిస్తే హాజరు. ఒక వారం వినిపించకపోతే రెండో రోజు ఎవరో ఒకరు ఇంటి తలుపు తడతారు. మన పిల్లలు దూరాన ఉండి కోరుకునేది ఇంతకన్నా ఏముంది?

హామ్‌లు సంభాషణ ముగిస్తూ డెబ్బై మూడు అంటారు. అది వయసు కాదు, శుభాకాంక్షలని అర్థం. నా వయసు అంతకన్నా కొంచెం ఎక్కువే గానీ, మీ అందరికీ డెబ్బై మూడు చెబుతూ, పేర్లు ఇవ్వదలచిన వారు టీ తాగాక నా దగ్గరున్న రిజిస్టరులో సంతకం చేయవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.